ఆడవాళ్లకి టెస్టోస్టిరాన్ జెల్: శాషేలో పదో వంతు, అంతే

మెడికల్ షాపులో చీటీ ఇస్తే ఆ అబ్బాయి చీటీ వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసి, "ఆంటీ, ఇది అంకుల్‌కా?" అన్నాడు. కాదు బాబూ, నాకే. వెనకాల నిలబడ్డ ఇద్దరు ముగ్గురు అటు తిరిగి నవ్వుకున్నారు. ఒడిశా బరంపురంలో నేను అప్పడాల పని చేసి ఇరవై ఏళ్లు దాటింది, బజారంతా నన్నెరుగుదురు, సాయంత్రానికల్లా ఎన్ని ఇళ్లలో ఆ మాట నడిచుంటుందో నాకు తెలుసు. అయినా పర్లేదు. నెలసరి ఆగాక పడక మీద కోరిక పోయి బాధపడే ఆడవాళ్లకి డాక్టర్లు రాసే మందు ఇది, నాకు తెలిసింది మీకూ పనికొస్తుందని రాస్తున్నాను. నేను డాక్టర్ని కాదు, ఈ మందు వాడుతున్న ఆడమనిషిని. ఇది చదివి డాక్టర్ దగ్గరికి వెళ్లండి, నేరుగా షాపుకి వెళ్లకండి.

టెస్టోస్టిరాన్ మగవాళ్ల హార్మోన్ అని మనందరి నమ్మకం. మన అండాశయాల్లోనూ, కిడ్నీల మీద ఉండే అడ్రినల్ గ్రంథుల్లోనూ అది తయారవుతుంది. వయసులో ఉన్న ఆడమనిషి ఒంట్లో రోజుకి సుమారు 0.3 మిల్లీగ్రాములు, అంటే చిటికెలో చిటికె. నెలసరి ఆగిపోయిన రోజునే ఇది కూడా ఆగిపోతుందనుకుంటారు, అది తప్పు. ఇరవైల చివర నుంచే మెల్లగా తగ్గుతూ వస్తుంది, ముట్లుడిగినప్పుడు ఈస్ట్రోజన్ పడిపోయినట్టు ఒక్కసారిగా పడిపోదు. ఒక్కసారిగా పడేది అండాశయాలు తీసేసినప్పుడే, అప్పుడు దాదాపు సగానికి వచ్చేస్తుంది.

మన వైపు అసలు కథ అక్కడే ఉంది. గర్భసంచి ఆపరేషన్లు ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో ఆంధ్రా, తెలంగాణా ముందు వరసలో ఉన్నాయని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలే చెబుతున్నాయి. మనం ఒడిశాలో ఉన్నా ఆపరేషన్‌కి రైలెక్కి ఆంధ్రా వైపే పోతాం కదా, పుట్టిల్లు అటే, నమ్మకం అటే. నాకు 43 ఏళ్లప్పుడు ఒక ప్రైవేటు ఆస్పత్రిలో గర్భసంచి తీశారు. "మొత్తం క్లీన్ చేసేశామమ్మా" అన్నారు, నేను దండం పెట్టి వచ్చేశాను. ఆ "మొత్తం"లో అండాశయాలు రెండూ ఉన్నాయని ఆరేళ్ల తర్వాత విశాఖపట్నంలో ఒక డాక్టరమ్మ నా పాత డిశ్చార్జ్ సమ్మరీ చదివి చెప్పేదాకా నాకు తెలీదు. ఆ ఆరేళ్లూ ఒంట్లో వేడి ఆవిర్లు, నిద్ర లేదు, ఆయన పక్కన పడుకుంటే చెయ్యి తగిలినా చిరాకు. వయసు మీద పడిందిలే అనుకున్నాను. కాబట్టి గర్భసంచి తీయించుకున్న వాళ్లు ముందు చేయాల్సిన పని బీరువా తెరిచి ఆ కాగితం వెతకడం. అండాశయాలు ఉంచారా, ఒకటి తీశారా, రెండూ తీశారా అన్నది అందులో రాసి ఉంటుంది. మీకు అర్థం కాకపోతే డాక్టర్‌కి చూపించండి, కాగితం మాత్రం పారేయకండి.

ఇప్పుడు ఈ మందు దేనికి అన్న సంగతి. దేనిదేనికో ముడి పెట్టేసి అమ్ముతున్నారు కాబట్టి గట్టిగా చెబుతున్నా. 2019లో ప్రపంచంలోని పెద్ద మెనోపాజ్, హార్మోన్ వైద్య సంఘాలు కలిసి ఒక ఉమ్మడి ప్రకటన ఇచ్చాయి. నెలసరి ఆగిపోయిన ఆడవాళ్లలో కోరిక తగ్గిపోయి, దానివల్ల ఆ మనిషికే బాధగా ఉంటే, ఆ ఒక్కదానికి టెస్టోస్టిరాన్ వాడొచ్చు. నీరసానికి, మతిమరుపుకి, ఎముకల బలానికి, ఒళ్లు తగ్గడానికి, మూడ్ బాగుండడానికి ఇది పనిచేస్తుందని చెప్పడానికి తగిన ఆధారం లేదు. "ఆ మనిషికే బాధగా ఉంటే" అన్న ముక్క కింద రెండు గీతలు గీసుకోండి. కోరిక తగ్గింది, నాకు హాయిగానే ఉంది అంటే మీకే మందూ అక్కర్లేదు. మొగుడికి బాధగా ఉందని మీరు హార్మోన్ రాసుకోనక్కర్లేదు.

లాభం ఎంత అంటే, ఆ ఏడాదే వచ్చిన ఒక పెద్ద విశ్లేషణలో 36 ట్రయల్స్, 8,480 మంది ఆడవాళ్ల వివరాలు కలిపి చూశారు. ఉత్తుత్తి మందు వాడిన వాళ్ల కంటే సగటున నెలకి ఒక్క తృప్తికరమైన కలయిక ఎక్కువ. ఒక్కటి! నవ్వొచ్చిందా, నాకూ వచ్చింది. కానీ కోరిక పెరగడం, బాధ తగ్గడం కూడా కనబడ్డాయి, అవి ఒకటి రెండు అని లెక్కపెట్టేవి కావు. ఏమీ లేని చోట ఒకటి అంటే తక్కువేం కాదు అని నా అభిప్రాయం, మీరు మీ లెక్క చూసుకోండి.

డాక్టర్ దగ్గరికి వెళ్లే ముందు ఇంట్లోనే తేల్చుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. కలిసినప్పుడు నొప్పా? అయితే కోరిక పోయిందనుకోవద్దు, నొప్పికి భయపడి ఒళ్లే వద్దంటోంది. ఈస్ట్రోజన్ తగ్గితే యోని పొడిబారుతుంది, దానికి లోపల రాసుకునే ఈస్ట్రోజన్ క్రీమ్ ఉంది, చాలామందికి దానితోనే సగం సమస్య తీరిపోతుంది. రాత్రంతా ఆవిర్లు, చెమటలతో నిద్ర లేకపోతే కోరిక ఎక్కడి నుంచి వస్తుంది? ముందు దాని సంగతి చూడాలి. బ్రిటన్ వైద్య మార్గదర్శకాలు కూడా ముందు ఈస్ట్రోజన్‌తో చేసే మామూలు హార్మోన్ చికిత్స, అది సరిపోకపోతేనే టెస్టోస్టిరాన్ అంటాయి. డిప్రెషన్‌కి వాడే కొన్ని బిళ్లలు కోరికని చంపేస్తాయి, మీరు వాడేవన్నీ ఒక సంచిలో వేసుకుని తీసుకెళ్లండి. థైరాయిడ్, షుగర్, హిమోగ్లోబిన్ పరీక్షలు పాతవి ఉంటే అవీ పట్టుకెళ్లండి. ఇచ్ఛాపురం దాటి ఉద్దానం వైపు చుట్టరికాలు, ఊళ్లూ ఉన్నవాళ్లు క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష) రిపోర్టు కూడా మర్చిపోవద్దు, అక్కడ నీరసానికి మూలం కిడ్నీల్లో ఉండే అవకాశం గురించి నేను మీకు చెప్పాలా. ఇక ఇంట్లో మాటలు లేవు, తిట్లు ఉన్నాయి, తాగుడు ఉంది అంటే, దానికి జెల్ లేదు.

మన సరిహద్దు జిల్లాల్లో ఇంకో తంటా ఉంది. 1936లో బరంపురం, పర్లాకిమిడి మద్రాసు నుంచి విడిపోయి ఒడిశాలో కలిశాయి, వంటింటి భాష మారలేదు, ఆస్పత్రి భాష మారింది. కూరగాయలు ఒడియాలో బేరం చేసేస్తాం, కోరిక లేదని చెప్పాల్సి వస్తే నోరు పెగలదు. తెలుగులోనే పెగలదు, ఇంక ఒడియాలోనా! నేను మొదటిసారి ఇక్కడ లేడీ డాక్టర్ దగ్గర కూర్చుని "నీరసంగా ఉందమ్మా" అని చెప్పి బి కాంప్లెక్స్ రాయించుకుని వచ్చేశాను, పక్కన మా ఆడపడుచు ఉంది మరి. అందుకే ఎవరినీ వెంట లోపలికి తీసుకెళ్లకండి, బయట కూర్చోమనండి. మూడు వాక్యాలు కాగితం మీద రాసుకోండి: నెలసరి ఎప్పుడు ఆగింది లేదా ఆపరేషన్ ఎప్పుడు అయింది, కోరిక ఎన్నాళ్ల నుంచి లేదు, దానివల్ల నాకు బాధగా ఉంది. ఒడియాలో "ఇచ్ఛా హేఉని" అంటే చాలు, అర్థమవుతుంది. పొడిగా ఉందనడానికి "శుఖిలా". చెప్పలేకపోతే కాగితం బల్ల మీద పెట్టి ఊరుకోండి, డాక్టర్లు ఇంతకంటే వింత కాగితాలు చూసుంటారు. అసలు ఆడవాళ్లకి ఈ మందు రాసే అలవాటు మన దగ్గర చాలామందికి లేదు. ఒకరు కొట్టిపారేస్తే మెనోపాజ్ చూసే గైనకాలజిస్టునో, హార్మోన్ డాక్టర్‌నో అడగండి. మెడికల్ కాలేజీ ఆస్పత్రి మన ఊళ్లోనే ఉంది, రాయగడ, గుణుపురం వైపు వాళ్లకి విజయనగరం, విశాఖ దగ్గర.

రక్త పరీక్ష గురించి చాలామందికి ఉన్న భ్రమ ఒకటి తీసేయాలి. "టెస్టోస్టిరాన్ తక్కువుంది, అందుకే కోరిక లేదు" అని తేల్చే అంకె అంటూ ఏదీ లేదు. తక్కువున్నా కోరిక బాగానే ఉన్నవాళ్లు ఉన్నారు, బాగా ఉన్నా లేనివాళ్లూ ఉన్నారు. మరి పరీక్ష ఎందుకంటే, ముందే ఎక్కువ ఉన్నవాళ్లకి ఇంకా పోయకుండా ఉండడానికి, వాడుతున్నప్పుడు హద్దు దాటుతోందేమో చూడటానికి. మొదలుపెట్టే ముందు ఒకసారి, మొదలుపెట్టాక మూడు నుంచి ఆరు వారాల మధ్య ఒకసారి, తర్వాత ఆరు నెలలకోసారి టోటల్ టెస్టోస్టిరాన్ చేయించాలి. మామూలు మిషన్లు ఆడవాళ్లలో ఉండే అంత చిన్న మోతాదుని సరిగ్గా కొలవలేవు, ఎల్‌సీ-ఎంఎస్ పద్ధతిలో చేస్తే నయం, శాంపిల్ పెద్ద ఊరికి పంపాల్సి రావచ్చు, లాబ్‌లో అడగండి. దాంతోపాటు ఎస్‌హెచ్‌బీజీ అనే ప్రొటీన్ కూడా చూస్తారు. అది ఎక్కువుంటే టెస్టోస్టిరాన్‌ని పట్టుకుని వదలదు, మందు వాడినా ఫలితం కనబడదు. నోటి ద్వారా వేసుకునే ఈస్ట్రోజన్ బిళ్లలు దాన్ని పెంచుతాయి, చర్మానికి రాసే ఈస్ట్రోజన్‌తో అంత పెరగదు, డాక్టర్ ఒక్కోసారి బిళ్ల మార్చేది అందుకే.

సరే, అసలు పనికి వద్దాం. ఆస్ట్రేలియాలో ఆడవాళ్ల కోసమే తయారైన 1 శాతం క్రీమ్ ఉంది, 2020లో అక్కడి ప్రభుత్వం అనుమతించింది, రోజుకి అర మిల్లీలీటరు, అందులో 5 మిల్లీగ్రాములు. ఐరోపాలో ఒకప్పుడు ఆడవాళ్ల ప్యాచ్ ఉండేది, 2012లో అమ్మకం ఆపేశారు. మన దేశంలో ఆడవాళ్ల కోసమని తయారుచేసింది దొరకదు. కాబట్టి డాక్టర్ రాసేది మగవాళ్ల జెల్లే. మన దగ్గర మామూలుగా దొరికేది 1 శాతం జెల్, 5 గ్రాముల శాషే (చిన్న ప్యాకెట్), అందులో 50 మిల్లీగ్రాములు. మగవాడికి అది ఒక రోజు మోతాదు. మనకి పది రోజులు. మళ్లీ చెబుతున్నా, ఒక శాషే, పది రోజులు. ప్యాకెట్ లోపలి కాగితంలో మగవాళ్ల మోతాదే రాసి ఉంటుంది, అది చదివి మొత్తం రాసేసుకుంటే అయిపోయినట్టే.

జెల్ 2 శాతం అయినా, 1.62 శాతం అయినా ఈ లెక్క చెల్లదు, కాబట్టి శాషే మీద శాతం, బరువు రెండూ చూసి, మీ డాక్టర్ చేతే "రోజుకి ఇన్ని మిల్లీలీటర్లు" అని చీటీ మీద రాయించుకోండి. "బఠాణీ గింజంత" అని చెబుతారు కొందరు. ఏ బఠాణీ? పచ్చిదా, ఎండుదా, నానబెట్టిందా? మినప్పిండిలో ఉప్పు చేతి అంచనాతో వేసే నేనే దీన్ని అంచనాతో వేయను. ఒక మిల్లీలీటరు సిరంజి కొనండి, సూది తీసి పారేయండి, 0.5 గీత దాకా జెల్ పీల్చండి, అదే 1 శాతం జెల్‌లో సుమారు 5 మిల్లీగ్రాములు. సిరంజి కొనేటప్పుడు దాని మీద మిల్లీలీటర్ల గీతలే ఉండాలి. షుగర్ ఇన్సులిన్ సిరంజి ఇస్తే వద్దనండి, దాని మీద యూనిట్లు ఉంటాయి, ఎర్ర మూతదానికి ఒక మిల్లీలీటరుకి 40 యూనిట్లు, ఇంకో రకానికి 100, ఇంట్లో షుగర్ ఉన్న అత్తగారి సిరంజీ మీ సిరంజీ కలిసిపోతే ఇంకా పెద్ద గొడవ. శాషే మూల చిన్నగా కత్తిరించి, తీసుకున్నాక మడిచి క్లిప్పు పెట్టి, చిన్న బిగుతు డబ్బాలో వేయండి. జెల్‌లో ఆల్కహాల్ ఉంటుంది, మూత సరిగ్గా లేకపోతే ఆరిపోయి చిక్కబడుతుంది, అప్పుడు మీ 0.5 మోతాదు 0.5 కాదు. డబ్బా మీద తెరిచిన తారీకు రాయండి. పది రోజుల కంటే ముందే అయిపోతోందంటే మీరు ఎక్కువ రాస్తున్నట్టు, పది దాటినా ఇంకా మిగిలిందంటే తక్కువ రాస్తున్నట్టు. ఇంతకంటే మంచి తనిఖీ లేదు.

రాసే చోటు తొడ బయటి వైపు, పిరుదు పైన, లేదా పొత్తికడుపు. రొమ్ముల మీద వద్దు, మర్మాంగం దగ్గర అస్సలు వద్దు. ఒకే చోట రోజూ రాస్తే అక్కడ వెంట్రుకలు మొలవొచ్చు, అందుకే నేను సోమవారం కుడి తొడ, మంగళవారం ఎడమ తొడ అలా మారుస్తాను. పొద్దున స్నానం చేసి, తుడుచుకుని, ఒళ్లు బాగా ఆరాక రాసుకుని, చేతులు సబ్బుతో కడుక్కుని, జెల్ ఆరాకే చీర కట్టుకోవాలి. రాసిన రెండు మూడు గంటల దాకా అక్కడ నీళ్లు తగలనివ్వకండి. ఒకటి మాత్రం గుర్తుపెట్టుకోండి, ఆల్కహాల్ జెల్ ఆరకముందు నిప్పు దగ్గరికి పోకూడదు. మనకేమో స్నానం కాగానే దీపం, దీపం కాగానే పొయ్యి. నేను దీపం ముందు పెట్టేసి, జెల్ తర్వాత రాసుకుని, ఆరేదాకా వంటింటి గుమ్మం తొక్కను.

పిల్లల విషయంలో జాగ్రత్త, ఇది సరదా మాట కాదు. పెద్దవాళ్లు రాసుకున్న జెల్ తగిలి చిన్న పిల్లలకి వయసుకి ముందే యుక్తవయసు లక్షణాలు వచ్చాయని, 2009లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఇలాంటి జెల్స్ మీద తన అన్నిటికంటే గట్టి హెచ్చరిక పెట్టించింది. మనవడు వచ్చి ఒళ్లో దూరతాడు, మనవరాలు తొడ మీద తల పెట్టి పడుకుంటుంది. జెల్ రాసిన చోట ఎప్పుడూ బట్ట కప్పి ఉండాలి, వాడిన తువ్వాలు వేరుగా ఉండాలి, డబ్బా అటక మీద. ఇంట్లో కోడలు కడుపుతో ఉంటే ఆ జెల్ ఆమెకి తగలకూడదు. మీకే ఇంకా నెలసరి అప్పుడప్పుడూ వస్తుంటే, అంటే పూర్తిగా ఆగి ఏడాది కాకపోతే, గర్భం రాకుండా జాగ్రత్తపడాలి, కడుపులో ఆడపిల్ల ఉంటే ఈ హార్మోన్ ఆ బిడ్డకి హాని చేస్తుంది. రొమ్ము కాన్సర్ వచ్చినవాళ్లు, లివర్ జబ్బు ఉన్నవాళ్లు, పాలిచ్చేవాళ్లు, ఎందుకో తెలియకుండా బ్లీడింగ్ అవుతున్నవాళ్లు దీన్ని తలపెట్టొద్దు. ఆటల పోటీలకి వెళ్లేవాళ్లకి ఇది నిషేధ మందు.

ఫలితం రెండో రోజుకే రాదు. ఒకటి రెండు నెలలు పడుతుంది, పూర్తిగా తెలియడానికి మూడు నెలలు. నాకు ఏడో వారంలో అనిపించింది, అదీ పెద్ద సినిమా ఏం కాదు, ఒకరోజు రాత్రి ఆయన ఏదో వెధవ జోకు వేస్తే కోపం రాలేదు, అంతే. ఆరు నెలలు సరైన మోతాదులో వాడినా తేడా లేకపోతే ఆపేయాలి, మోతాదు పెంచకూడదు. ఈ నియమం డాక్టర్లు పెట్టిందే. మొటిమలు, ముఖం మీద సన్న వెంట్రుకలు కొందరికి వస్తాయి, మోతాదు తగ్గిస్తే చాలావరకు తగ్గుతాయి. జుట్టు ఊడుతుంటే, గొంతు బొంగురుపోతుంటే వెంటనే ఆపి డాక్టర్‌ని కలవాలి. గొంతు మారితే తిరిగి రాకపోవచ్చు. హరికథలు, భజనలు పాడేవాళ్లు ఈ ముక్క రెండుసార్లు చదవండి.

గొంతు గురించి ఎందుకింతగా చెబుతున్నానంటే, మా బంధువొకావిడకి ఒక క్లినిక్‌లో ఇంజెక్షన్ పొడిచారు. మగవాళ్లకి వేసే 250 మిల్లీగ్రాముల అంపుల్‌లో సగం, "ఆడవాళ్లకి సగం చాలు" అన్నారట. రోజుకి 0.3 మిల్లీగ్రాములు తయారుచేసుకునే ఒంట్లోకి 125. చర్మం మీద రాసిన 5 మిల్లీగ్రాముల్లో లోపలికి పోయేది పదో వంతు మాత్రమే, ఇంజెక్షన్ అంతా లోపలికే పోతుంది. ఆవిడ ఫోన్ చేస్తే ఇప్పుడు కొత్తవాళ్లు "సార్" అంటున్నారు. నోటి క్యాప్సూల్స్ కొలెస్ట్రాల్‌ని చెడగొడతాయి, చర్మం కింద పెట్టే పెల్లెట్లు (చిన్న గుళికలు) ఒకసారి పెట్టాక మోతాదు ఎక్కువైనా తీయడం కష్టం, ఇంజెక్షన్‌తో కలిపి ఈ మూడింటినీ ఆడవాళ్లకి వద్దనే ఆ 2019 ప్రకటన చెప్పింది. జిమ్ షాపుల్లో దొరికే "బూస్టర్" పొడులు, వాట్సాప్‌లో తిరిగే చూర్ణాలు, వాటిలో ఏముందో అమ్మేవాడికే తెలీదు.

రక్త పరీక్షకి వెళ్లే రోజు ఒక చిన్న జాగ్రత్త. జెల్ చేత్తో రాసుకుని, అదే చేతి నుంచి రక్తం ఇస్తే చర్మం మీది జెల్ కలిసి అంకె ఆకాశానికి పోవచ్చు. నాకు ఒకసారి అలాగే వచ్చింది, రెండు రాత్రులు టెన్షన్‌తో నిద్ర లేదు, మళ్లీ చేయిస్తే మామూలే. ఆ రోజు పొద్దున రాసుకోకుండా వెళ్లి రక్తం ఇచ్చి వచ్చి, తర్వాత రాసుకోండి.

ఈ మందు డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడనిది. షాపువాళ్లు డబ్బా మొత్తం తీసుకోమంటారు, వద్దు, నెలకి మూడు శాషేలు చాలు. మూడో వారంలో పరీక్ష చూసి మోతాదు మార్చినా, ఆరు నెలలకి ఆపేసినా మిగిలిన డబ్బా ఎవరికి ఇస్తాం? మా వీధి షాపులో ఇప్పుడు ఆ అబ్బాయి నన్ను చూడగానే అడక్కుండానే మూడు కత్తిరించి కాగితంలో చుట్టి పెడతాడు, ఎక్స్‌పైరీ తారీకు మాత్రం నేనే చూసుకుంటాను.